'ఏం కాదులే' కాదు... 'ఏం చేద్దాం?'

పరవాడలో రోజు మూడుసార్లు మొదలవుతుంది. ఫార్మాసిటీ బస్సులు ఒక షిఫ్టు వాళ్లను దింపి మరో షిఫ్టు వాళ్లను ఎక్కించుకుంటాయి. సింహాద్రి థర్మల్ కేంద్రానికి రాత్రీ పగలూ తేడా లేదు. ఇటు కూర్మన్నపాలెం, గాజువాకల్లోని స్టీల్‌ప్లాంటు కుటుంబాలదీ ఇదే లెక్క. నాన్న డ్యూటీ దిగి వచ్చేసరికి పిల్లలు స్కూలు బ్యాగులు సర్దుకుంటుంటారు. అమ్మ ఒక కంచంలో టిఫిను, మరో కంచంలో అన్నం వడ్డిస్తుంటుంది. ఇలాంటి ఇంటికి వెళ్లి 'పాజిటివ్‌గా ఉండండి' అని చెప్పడం తేలికే. ఎలా ఉండాలన్నదే అసలు ప్రశ్న.

సానుకూల దృక్పథమంటే ఎప్పుడూ నవ్వుతూ ఉండటం అనుకుంటాం. కానీ సంతోషంగా ఉండమని మనసుకు ఎవరూ ఆర్డరు వేయలేరు. భయం, చిరాకు, దిగులు అడక్కుండానే వస్తాయి. వచ్చాక ఏం చేయాలన్నది మాత్రం చాలాసార్లు మన చేతిలో ఉంటుంది. దృక్పథం అనేది పుట్టుకతో వచ్చే గుణం మాత్రమే కాదు. రోజూ తీసుకునే చిన్న చిన్న నిర్ణయాలు కూడబెడితే తయారయ్యేది కూడా.

భయం జబ్బు కాదు

ఈ ప్రాంతంలో సానుకూలత పేరుతో చలామణీ అయ్యే మాట ఒకటుంది... 'ఏం కాదులే'. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్‌.ఆర్‌.వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి 12 మంది ప్రాణాలు తీసింది. అదే ఏడాది జూన్ 29 రాత్రి పరవాడ ఫార్మాసిటీలోని ఒక పరిశ్రమలో విషవాయువు లీకై ఇద్దరు మరణించారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో జరిగిన ప్రమాదం 17 మందిని బలి తీసుకుంది. ఇవి చూసిన ఇల్లాలు, భర్త ఫోను ఎత్తకపోతే కంగారు పడటం బలహీనత కాదు. ఆ భయాన్ని 'నెగెటివ్ ఆలోచన' అని కొట్టిపారేయకూడదు. కాస్త పక్కన కూర్చుని వినాలి.

విన్న తర్వాత అడగాల్సిన ప్రశ్న 'ఏం చేద్దాం?'. పరిశ్రమ ఎమర్జెన్సీ నంబరు ఇంట్లో అందరి ఫోన్లలో ఉందా? గ్యాస్ లీకైతే గాలి ఎటు వీస్తోందో చూసి, దానికి అడ్డంగా పక్కకు వెళ్లాలని పిల్లలకు తెలుసా? ఇంటిల్లిపాదీ ఎక్కడ కలుసుకోవాలి? ఈ మూడింటికి జవాబులు దొరికితే భయం మొత్తం పోదు. కానీ పట్టు సడలుతుంది. 'ఏం కాదులే' అనుకుని మాస్కు తీసేసేవాడికంటే, భయపడి మాస్కు సరిచూసుకునేవాడిదే నిజమైన ఆశావాదం.

మాట మార్చి చూడండి

అమెరికా మనస్తత్వవేత్త మార్టిన్ సెలిగ్మన్ ఆశావాదం మీద ఏళ్ల తరబడి పరిశోధించారు. చెడు జరిగినప్పుడు దానికి మనం చెప్పుకునే కారణంలోనే తేడా ఉందంటారాయన. అబ్బాయికి లెక్కల్లో మార్కులు తగ్గాయి. 'వీడింతే, ఎప్పటికీ బాగుపడడు' అంటే దారి మూసుకుపోతుంది. 'ఈసారి లెక్కల్లో వెనకబడ్డాడు, ఎక్కడ తెలియలేదో చూద్దాం' అంటే తెరుచుకుంటుంది. రెండోది తియ్యటి అబద్ధం కాదు. మొదటిదానికంటే నిజానికి దగ్గరైన మాట.

ముందుగానే నిర్ణయించుకోవడం మరో మార్గం. 'ఇకపై కోపం తగ్గించుకుంటాను' అనే తీర్మానం సాయంత్రానికే చెదిరిపోతుంది. 'గుమ్మం దాటగానే ముందు కాళ్లు కడుక్కుంటాను, ఫిర్యాదులు టీ తాగాకే వింటాను' అనుకుంటే నిలబడే అవకాశం ఎక్కువ. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తామో ముందే అనుకున్న పనులు ఎక్కువగా జరుగుతాయని జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ అధ్యయనాలు చూపించాయి.

నిద్ర కూడా నిర్ణయమే

మనం 'నెగెటివ్' అనుకునే చిరాకులో చాలా భాగం నిద్రలేమే. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలి. రాత్రి షిఫ్టు చేసేవారు డ్యూటీ చివరి గంటల్లో టీ, కాఫీ మానాలి. కెఫీన్ ప్రభావం సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. ఇంటికి రాగానే గదికి మందపాటి కర్టెన్ వేసుకుని, ఫోను సైలెంట్‌లో పెట్టి పడుకోవాలి. ఆ వేళ టీవీ సౌండు తగ్గించడం, కాలింగ్ బెల్ మోగకుండా చూడటం ఇంట్లోవాళ్ల వంతు. బంధువులు కూడా 'పగలు నిద్రేంటి?' అనడం మానుకోవాలి. ఇక భర్త షిఫ్టుకు, పిల్లల బడికి మధ్య రెండుసార్లు వంట చేసే ఇల్లాలి నిద్ర గురించి ఎవరూ అడగరు. వారంలో ఒక్కరోజైనా ఆమెను తెల్లవారుజామున లేపకుండా ఉండటం ఇంటిల్లిపాదీ కలిసి తీసుకోదగ్గ మంచి నిర్ణయం.

హద్దు తెలియాలి

ఇవన్నీ చేసినా రెండు వారాలకు మించి దిగులు వదలకపోతే, నిద్ర, ఆకలి తప్పితే, బతకాలని లేదన్న మాట నోట వస్తే ధైర్యవచనాలతో సరిపెట్టకండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు. విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల కూడా ఉంది. వైద్యుణ్ని కలవడం ఓటమి కాదు, అది కూడా ఆలోచించి తీసుకునే మంచి నిర్ణయమే.

మరో హద్దు కూడా గుర్తుండాలి. కార్మికుడి మనోధైర్యం సేఫ్టీ వాల్వుకు బదులు కాదు. పరికరాలు సరిచూడటం యాజమాన్యాల బాధ్యత, తనిఖీ చేయడం అధికారుల బాధ్యత. లోపం కనిపిస్తే చెప్పేవాణ్ని 'నెగెటివ్ మనిషి' అనకండి. అందరూ క్షేమంగా ఇల్లు చేరాలని గట్టిగా కోరుకునేది అతనే.

ఈ వారం ఇంట్లో ఎవరైనా బెంగగా మాట్లాడితే 'ఏం కాదులే' అని లేచిపోకండి. 'ఏం చేద్దాం?' అని అడిగి, జవాబు వచ్చేదాకా అక్కడే కూర్చోండి.