నాట్యము నేరమునకు విరుగుడా?

వీథులలో పెరిగిన బీదబాలురు ముఠాలలో చేరి కత్తులు పట్టుట, వారిలో నొకనికి నాట్యము తారసపడుట, ఆ నాట్యము వానిని చెడుదారినుండి తప్పించి చప్పట్లు మ్రోగు వేదికపై నిలువబెట్టుట — ఈ మూడంకముల కథ లేనిదే నాట్యమును వీథినేరమును కలిపి చూపు చలనచిత్రము సంపూర్ణము కాదని విమర్శకులలోను ప్రేక్షకులలోను ఒక నమ్మకము స్థిరపడియున్నది. అట్టి కథ చెప్పిన చిత్రమునకు సందేశాత్మకమను బిరుదు సులభముగ లభించును. చెప్పని చిత్రము కథ లేనిదనియు, నటన రానివారిచే నటింపజేసినదనియు, ఒక కాలపు దాఖలాగా మాత్రమే పనికివచ్చుననియు ప్రక్కకు నెట్టబడును. ఈ నమ్మకము నాట్యమునకును, ఆ బాలురకును గూడ అపచారమని నా దృఢాభిప్రాయము. దీనిని ఖండించుటకు 1983లో విడుదలయైన 'వైల్డ్ స్టైల్' అను అమెరికను చిత్రముకంటె మంచి సాక్ష్యము నాకు కానరాదు.

చార్లీ అహెర్న్ అను దర్శకుడు, ఫ్యాబ్ ఫైవ్ ఫ్రెడ్డీ అను పేర ప్రసిద్ధుడైన ఫ్రెడ్ బ్రాత్‌వెయిట్‌తో కూడి తలపెట్టిన ఈ చిత్రమునకు హాలీవుడ్ స్టూడియోల అండ లేదు. పశ్చిమ జర్మనీకి చెందిన జెడ్.డి.ఎఫ్., బ్రిటనుకు చెందిన ఛానెల్ ఫోర్ అను టెలివిజను సంస్థలు తోడ్పడగా, 1981లో న్యూయార్కు నగరపు సౌత్ బ్రాంక్స్ వీథులలో చిత్రీకరణ మొదలైనది. నటులు ఆ వీథులవారే. రాత్రివేళ రైలుపెట్టెలపై దొంగచాటుగా రంగులు చిమ్ము జోరో పాత్రను, నిజజీవితమున అదే పని చేసి పేరు గడించిన లీ కినోన్యెస్ ధరించెను. అతని ప్రియురాలు రోజ్ పాత్రను లేడీ పింక్ అను చిత్రకారిణియే పోషించెను. రాక్ స్టెడీ క్రూ అను నాట్యబృందపు బాలురు తమ పేరనే, బ్రేకింగ్ అను తమ నాట్యమునే ఆడిరి. ఇతరుల రికార్డుల హక్కుల చిక్కు రాకుండ తాళములను సయితము చిత్రబృందమే క్రొత్తగా కట్టించుకొనెను.

ఈ చిత్రమున క్లబ్బు బయట దోపిడిగాండ్రు తుపాకి చూపి జోరో బృందమును అటకాయించు దృశ్యము కలదు. చిత్రీకరణకై తెచ్చిన బొమ్మతుపాకిని చూచి అక్కడి యువకులు నవ్విరనియు, వారిలో నొకడు తన కారు కడకు పోయి గొట్టము కోసిన అసలు తుపాకినే తెచ్చి యిచ్చెననియు దర్శకుడు తరువాతి కాలమున చెప్పియున్నాడు. ఆ తుపాకి తెరపైకి వచ్చినపుడు సంగీతము హెచ్చదు, పాత్రధారులెవ్వరును ఉపన్యసింపరు. దోపిడి వచ్చును, పోవును, రాత్రి సాగుచునే యుండును. నేరమును పాఠముగా మార్చక, ఆ పేట వాతావరణములో నొక భాగముగా చూపిన ఈ నిగ్రహమునే విమర్శకులు కథనలోపమని వ్రాసిరి. ఆ వీథిలో నివసించువానికి నేరము మలుపులతో కూడిన కథగా కాక నిత్యము వచ్చిపోవు సంగతిగానే ఎదురగునని వారు తలపరైరి.

నాట్యము నేరమును మాన్పెనను వాదమునకు చరిత్రలో ఆధారమెంత? క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే అను రహదారికై వేలకొలది కుటుంబముల యిండ్లు కూల్చబడి, బీమా సొమ్మునకై కొందరు యజమానులు తమ భవనములకు తామే నిప్పు పెట్టించిన ఆ ప్రాంతమున, 1971 డిసెంబరులో కార్నెల్ బెంజమిన్ అను యువకుడు ముఠాల నడుమ సంధి కుదుర్పబోయి హత్యకు గురియయ్యెను. ప్రతీకారముగా రక్తపాతము జరుగునని నగరమంతయు ఎదురుచూచుచుండగా, అతని సహచరులైన ఘెట్టో బ్రదర్స్ అను ముఠావారు ప్రతీకారమును నిరాకరించి, హో అవెన్యూలోని బాలుర క్లబ్బులో ముఠాల నాయకులందరిని సమావేశపరచి శాంతి ఒడంబడిక గావించిరి. ఒక పేట కుర్రవాడు మరియొక పేటలో అడుగిడుటకు వెసులుబాటు కలిగిన తరువాతనే, 1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూలోని 1520 నెంబరు భవనమున కూల్ హెర్క్ అనువాడు రికార్డులు తిప్పి కుర్రవాండ్రను ఆడించిన విందు వంటివి సాధ్యమయ్యెను. శాంతి ముందు, నాట్యము పిమ్మట. ఆ శాంతిని తెచ్చినవారు సంస్కర్తలు గారు, పోలీసులు గారు. కత్తులు పట్టిన ఆ బాలురే. అట్టివారిని నాట్యము వచ్చి ఉద్ధరించిన అజ్ఞానులుగా చిత్రించుట వారు స్వయముగా సాధించిన మహత్కార్యమును వారినుండి అపహరించుటయే.

మరియొక లెక్కయు చూడవలసియున్నది. 1983, 84 సంవత్సరములలో ఈ నాట్యము అమెరికా యంతట వెఱ్ఱిగా ప్రబలెను. చిత్రములు వచ్చెను, ప్రకటనలు వచ్చెను. విరుగుడే యైనచో వ్యాధి తగ్గవలెను గదా! 1990లో న్యూయార్కున 2,200 పైచిలుకు హత్యలు జరిగెను. ఆ నగరచరిత్రలో అంతకు మించిన సంఖ్య నమోదు కాలేదు. పని లేకుండుట, క్రాక్ అను మాదకద్రవ్యము, తుపాకుల విక్రయము — వీనికి తల క్రిందుగా తిరుగు బాలుడు జవాబుదారి యెట్లగును?

ఇంక నాట్యమును దగ్గరగా చూడుడు. వలయముగా నిలిచిన కుర్రవాండ్ర నడుమకు ఒకడు వచ్చి, మొదట నిలువుగనే పాదములు మార్చి మార్చి వేయుచు ఎదిరివానిని కొలుచును; తటాలున నేలకు వ్రాలి, అరచేతులపై బరువుంచి, కాళ్లను తన దేహము చుట్టును చక్రముగా త్రిప్పును; తాళము తెగిన క్షణమున, ఒక మోచేయి ప్రక్కటెముకల క్రింద గుచ్చి, కాళ్లు గాలిలో మెలివేసి, శిలవలె నిలిచిపోవును. ఆ నిలుపులో ధిక్కారమున్నది. ఇంతకు మించి చేయగలవా యను సవాలున్నది. బ్రూక్లిన్‌లో పుట్టిన అప్‌రాక్ అను దాని పూర్వనాట్యమునందు పొడుచుట, కొట్టుట, విరుచుట స్పష్టముగ అభినయింపబడును. ఈ నాట్యమునకు పౌరుషమును, చూపులోని తీక్ష్ణతను ఇచ్చినది ఆ వీథియే. వీథిని తుడిచివేసి నాట్యమును మాత్రము నిలుపుకొందుమనువారు దాని ఎముకలు తీసివేసి నిలబడుమనుచున్నారు.

నాట్యము నేరము చెంత పుట్టుటయే గాక, తానే నేరముగా పరిగణింపబడిన సందర్భములు గలవు. 1980 జనవరిలో వాషింగ్టన్ హైట్స్ సబ్‌వే స్టేషనులో అల్లరి చేయుచున్నారని పోలీసులు కొందరు బాలురను పట్టుకొనగా, ఆ వార్తకై న్యూయార్క్ పోస్టు పత్రిక పంపిన ఛాయాగ్రాహకురాలు మార్తా కూపర్ అచ్చటికి పోయెను. తాము కొట్లాడుట లేదనియు నాట్యమాడుచుంటిమనియు ఆ బాలురు చెప్పగా, పోలీసులు ఆడి చూపుమనిరి. వారు ఒకరి తరువాత నొకరు ఆడి చూపిరి. ఆ నాట్యమే 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో స్థానము పొందినది. మారినది చూచువారి యధికారమే కాని నాట్యము గాదు. మన తెలుగువారికిది వింతగా తోపరాదు: 1947లో మదరాసు శాసనసభ దేవదాసీ సమర్పణను నిషేధించినపుడు, ఆ దురాచారముతో పాటు దేవాలయములందును ఉత్సవములందును ఆ స్త్రీలు నాట్యమాడుటను గూడ నిషేధించినది. దురాచారము తొలగవలసినదే, కాని కలావంతులు తరతరములుగా కాపాడుకొనిన అభినయమును శిక్షార్హముల పట్టికలో చేర్చుటకు నేటికిని తగిన సమాధానము మనకు లేదు.

ఇదే నాట్యమును గూర్చి 1984లో వచ్చిన 'బీట్ స్ట్రీట్' అను మరియొక చిత్రమునకు నిర్మాత హ్యారీ బెలఫొంటె మహాశయుడు. అతని చిత్తశుద్ధిని నేను శంకింపను, అందలి నాట్యముల నెంతయు మెచ్చుకొందును. అయినను పైన చెప్పిన నమ్మకము ఆ చిత్రమును గూడ లోబరచుకొనెను. అందు రైలుపట్టాలమీద విద్యుత్తు తగిలి ఒక చిత్రకారుడు మరణించును. ఆ మరణము తెచ్చిన కన్నీటితో ముగింపు సంగీతసభ పవిత్రమగును. ఒక బాలుని బలియిచ్చిన గాని తక్కినవారి కళకు గౌరవము రాదన్నట్లున్న ఆ ఏర్పాటు నాకు మిక్కిలి బాధాకరము.

నాట్యమే నన్ను బ్రతికించినదని చెప్పు నర్తకు లెందరో కలరని ప్రతిపక్షులు అందురు. ఆ మాట సత్యము, నేను శిరసావహింతును. కాని ఒక్కొక్కని హృదయములోని కృతజ్ఞతను, కళకు అనుమతిపత్రముగా మార్చునపుడు ప్రమాదము పుట్టును. సంగీతనాట్యములు నేరములను తగ్గించునని చెప్పి ధనము అడిగినవాడు, నేరములు తగ్గనినాడు ఆ ధనమును పోగొట్టుకొనును. సంపన్నుల బిడ్డ సంగీతము నేర్చునపుడు వాడు దొంగ కాకుండుటకై నేర్చుచున్నాడని ఎవ్వరైన అందురా? బీదవాని కళకు మాత్రమే ఈ సంజాయిషీ యేల?

'వైల్డ్ స్టైల్'లో జోరో మారడు, పశ్చాత్తాపపడడు. సైన్యమునుండి వచ్చిన అన్న గోడలనిండ రంగులు చూచి మందలించినను, ధనికుల విందులో ప్రశంసలు లభించినను, అతని వృత్తి అదియే. కాని కథ లేదనుట పొరపాటు. ఈస్ట్ రివర్ పార్కులోని పాడుబడిన బహిరంగరంగస్థలమున సంగీతసభకై కుడ్యచిత్రమును వ్రాయ బూనిన జోరో, తన్ను గూర్చియే ఆలోచించుచు దారి కానక తడబడును. ఇది నీ సంగతి గాదు, ఇచట పాడువారిది, ఆడువారిది అని రోజ్ గట్టిగా చెప్పును. ఎల్లప్పుడు ఒంటరిగ, ఎవ్వరికిని ముఖము చూపక, తన పేరునే పెట్టెలపై వ్రాసుకొనిన ఆ యువకుడు తన్ను గోడనుండి తప్పించుకొని ఇతరులకు చోటు చేయును. ముఠాలలో పుట్టిన కీర్తికాంక్ష ఒక సమాజముగా మారిన తీరు ఇంతకంటె సూటిగా చెప్పిన చిత్రమును నేను చూడలేదు.