జబ్బు గదిది, మందు నీటికా?

హైదరాబాద్ అబిడ్స్‌లో, నాంపల్లిలో ఇంట్లో పగడాల రీఫ్ ట్యాంక్ పెట్టుకున్న నా మిత్రుల దగ్గరకు ఎప్పుడు వెళ్ళినా స్టాండు కింది అరలో ఒక సీసా కనిపిస్తుంది. పీహెచ్ బఫర్. పొద్దున్నే మీటరు 7.8 చూపిస్తే ఒక మూత పోస్తారు. మర్నాడు 7.7 అంటే రెండు మూతలు. ‘పీహెచ్ పడిపోయిందా? బఫర్ పొయ్యి, 8.3కి తెచ్చుకో.’ షాపులో చెప్పేదీ ఇదే, పదేళ్ళుగా పగడాలు పెంచుతున్నవాళ్ళు కొత్తవాళ్ళకు చెప్పేదీ ఇదే. ఈ సలహా తప్పని నేనంటాను. మన ఊళ్ళో, మన ఫ్లాట్లలో ఇది పగడాల ప్రాణం తీసే తప్పు.

నీటి పీహెచ్ ముఖ్యంగా రెండు విషయాల మీద నిలబడుతుంది. ఒకటి ఆల్కలినిటీ, మన వాడుకలో కేహెచ్. రెండోది నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్. గోళీసోడా తాగినప్పుడు నాలుక చురుక్కుమంటుంది కదా, ఆ చురుకు ఈ వాయువు నీటిలో కరిగి ఆమ్లంగా మారడం వల్లనే. గదిలో ఆ వాయువు ఎంత ఎక్కువ ఉంటే ట్యాంకు నీరు అంతగా సోడా వైపు జరుగుతుంది. ఇది కొత్తగా ఎవరో కనిపెట్టిన సంగతి కాదు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికే పాత ఇంటర్ కెమిస్ట్రీ పుస్తకం తిరగేసినా ఉంటుంది. 1909లో సోరెన్‌సెన్ ఈ పీహెచ్ కొలతను ప్రవేశపెట్టినప్పుడే దాన్ని లాగరిథం మీద కట్టాడు. కాబట్టి 8.2 నుంచి 7.9కి దిగడమంటే చిన్న తేడా కాదు, నీటిలో హైడ్రోజన్ అయాన్లు రెట్టింపయ్యాయని అర్థం.

ఇక గది సంగతి. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 పీపీఎం దాటింది. తలుపులు మూసిన గదిలో ముగ్గురు నలుగురు పడుకుంటే తెల్లారేసరికి 1000 దాటడం మామూలే. దానికి ఏసీ తోడవుతుంది. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. చాలామందికి ఈ సంగతి తెలియదు. మే నెలలో నలభై డిగ్రీల ఎండ, ట్యాంకు ఇరవై ఆరు దాటకూడదు, అందుకని రాత్రింబవళ్ళు ఏసీ వేసి కిటికీలు బిగించేస్తాం. నాంపల్లి పాత ఇళ్ళలో పైకప్పు ఎత్తుగా ఉండేది, గోడల్లో పైన రోషన్‌దాన్‌లు ఉండేవి. వేడి గాలి, పాడు గాలి వాటిగుండా వెళ్ళిపోయేవి. అవే స్థలాల్లో లేచిన అపార్ట్‌మెంట్లలో రోషన్‌దాన్ లేదు, కిటికీకి దోమల జాలీ, జాలీకి మందపాటి పరదా. అలాంటి హాల్లో పెట్టిన ట్యాంకు పీహెచ్ పడిపోకపోతేనే వింత.

ఇప్పుడు బఫర్ లెక్క చూద్దాం. కేహెచ్ మారకుండా గదిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే పీహెచ్ సుమారు 0.3 పడిపోతుంది. ఆ గాలిని అలాగే ఉంచి, ఒక్క బఫర్‌తోనే పీహెచ్‌ను పాత చోటికి తేవాలంటే కేహెచ్‌ను కూడా దాదాపు రెట్టింపు చేయాలి. అంటే 8 ఉన్నదాన్ని 16కి తీసుకెళ్ళాలి. సముద్రపు నీటిలో అది 7 దగ్గర ఉంటుంది. 16లో పగడపు కొమ్మల కొనలు కాలినట్టు తెల్లబడతాయి. నీటిలోని కాల్షియం కార్బొనేటుగా మారి హీటరు మీద, పంపు లోపల సున్నపు పెచ్చులుగా పేరుకుంటుంది. పగడం ఎముక కట్టుకోవడానికి కావలసిన సరుకంతా పంపు మింగేస్తుంది. పైగా సీసాలో ఉన్నది వంటసోడా అయితే వెంటనే పీహెచ్ పెరగదు, పోసిన కాసేపు కొంచెం తగ్గుతుంది కూడా. బట్టల సోడా రకమైతే గంటసేపు పైకి లేచి, గదిలోని గాలి నీటిలోకి చేరగానే మళ్ళీ కిందికి దిగుతుంది. అది చూసి మళ్ళీ పోస్తారు.

నేనూ అలాగే పోశాను, ఎనిమిది నెలలు. కొన్న చోట చెప్పింది చెప్పినట్టు చేశాను. ఒకరోజు కేహెచ్ కొలిచే కిట్ కొని చూస్తే 15 వచ్చింది. పీహెచ్ మాత్రం పొద్దున 7.75. రెండేళ్ళు వేలెడు వేలెడు పెరిగిన కొమ్మ ఆ వారంలోనే కొన నుంచి మొదలుకంటా చర్మం ఊడి తెల్ల ఎముకగా మిగిలింది. ఆ కొమ్మ ఇప్పటికీ నా బల్ల మీద ఉంది. మన సముద్రాల్లోని రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్లో ఉన్న జీవులు, వాటిని సముద్రం నుంచి తెంపడం నేరం. పోతే ఇంకోటి తెచ్చుకుందాం అనే మాట ఈ విషయంలో ఎవరూ అనకూడదు.

భీమవరం వైపు రొయ్యల రైతును అడగండి. చెరువు పీహెచ్ తెల్లవారుజామున ఎందుకు తగ్గుతుందో, మధ్యాహ్నం ఎందుకు పెరుగుతుందో ఆయన చెప్తాడు. రాత్రి నాచు వెలుతురు లేక కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, పగలు పీల్చుకుంటుంది. అందుకే ఆయన రెండు పూటలా కొలుస్తాడు, ఆల్కలినిటీ వేరుగా చూస్తాడు, రాత్రంతా ఏరియేటర్లు తిప్పుతాడు. కరెంటు పోతే నిద్ర మానుకుని డీజిల్ ఇంజను దగ్గర కూచుంటాడు. నీటికి గాలి ఏమిటో లక్షలు పెట్టుబడి పెట్టి నేర్చుకున్న తెలుగు రైతు ఉండగా, సముద్రానికి మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మనం సీసా మీది లేబుల్‌ను నమ్ముతున్నాం.

కాబట్టి మన ట్యాంకుకు కావలసింది పైపు ద్వారా బయటి గాలి. ‘బయటి గాలి తెమ్మంటున్నారు, అబిడ్స్ రోడ్డు మీద గాలా?’ అని అడుగుతారు. నిజమే, అక్కడ పొగ ఉంది, దుమ్ము ఉంది. కానీ మన లెక్క కార్బన్ డయాక్సైడ్‌ది, అది ట్రాఫిక్ ఉన్న వీధిలో కూడా మూసిన పడకగదిలో కంటే తక్కువే. దుమ్ముకు దూది, వాసనలకు బొగ్గు ఫిల్టరు చాలు. పైపు కొసను రోడ్డు వైపు కాకుండా వెనక బాల్కనీ వైపు పెట్టాలి. దోమల మందు పొగ బండి వచ్చినప్పుడు మాత్రం ఆ పైపును తప్పకుండా మూసేయాలి. ఆ మందు రొయ్యలకూ చేపలకూ విషం.

ఇంకొందరు నెపం ఆర్వో నీళ్ళ మీద తోస్తారు. ఆర్వో నీటి పీహెచ్ 6 చూపించిందని కంగారు పడతారు. అందులో లవణాలు దాదాపు ఉండవు, కాబట్టి ఆ అంకెకు బలం లేదు. ఉప్పు కలిపిన మరుక్షణం అది మారిపోతుంది. అసలు మీటరునే అనుమానించాలి ముందు. 7, 10 ద్రావణాలతో సరిచేయని మీటరు చెప్పే మాటకు విలువ లేదు. 8.3 మీద మోజు కూడా వదలాలి. నేటి సముద్రమే 8.1 దగ్గర ఉంది. కేహెచ్ నిలకడగా ఉంటే 7.9 నుంచి 8.3 మధ్య ఊగే ట్యాంకులో పగడాలు చక్కగా పెరుగుతాయి.

సీసా మూత తిప్పే ముందు ఒక పరీక్ష చేయండి. రెండు గ్లాసుల ట్యాంకు నీరు తీసుకోండి. ఒకటి గదిలో, ఒకటి బాల్కనీలో పెట్టి చిన్న ఎయిర్ పంపులతో ఒక గంట బుడగలు కొట్టండి. బాల్కనీ గ్లాసులోనే పీహెచ్ పెరిగితే దోషం గదిది. రెండింటిలోనూ పెరిగితే మీ ట్యాంకు నీరు పైన సరిగ్గా కదలడం లేదు. రెండింటిలోనూ పెరగకపోతే అప్పుడు కేహెచ్ చూడండి. అది నిజంగా తక్కువుంటే బఫర్‌కు అక్కడ పని ఉంది, నేను కాదనను.

గది దోషమైతే, నీటిని బుడగలతో శుభ్రం చేసే స్కిమ్మరు గాలి పీల్చే గొట్టానికి పైపు తగిలించి బయటికి తీయండి. ట్రూప్ బజార్‌లో పైపు దొరుకుతుంది. ఏసీ రాగి గొట్టం వెళ్ళే కన్నం పక్కనుంచే పోనివ్వచ్చు. మా ఇంట్లో ఆ ఒక్క పనితో పొద్దుటి పీహెచ్ 7.75 నుంచి 7.95కి వచ్చింది. అద్దె ఇల్లు, గోడకు కన్నం వేయనివ్వరు అంటే ఆస్పత్రుల్లో మత్తు యంత్రాలకు వాడే సోడాలైమ్ డబ్బా ఉంది, స్కిమ్మరు పీల్చే గాలిని దానిగుండా పంపితే కార్బన్ డయాక్సైడ్‌ను అది పట్టేస్తుంది. ట్యాంకు కింది సంప్‌ తొట్టిలో నాచు పెంచి దానికి రాత్రిపూట లైటు వేయడం ఇంకో మార్గం. ఆవిరైన నీటికి బదులుగా రాత్రివేళ సున్నపు తేట బొట్టుబొట్టుగా పడనివ్వడం మరొకటి. కొత్త ఇంటి గోడకు వేసిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునే గట్టిపడుతుంది. ట్యాంకులోనూ అదే జరుగుతుంది, పైగా కాల్షియం కూడా దక్కుతుంది. శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడే వాడాలి, పాన్‌డబ్బా చూనా పనికిరాదు. ఆ తేట పీహెచ్ 12 దాటి ఉంటుంది, ఒక్కసారిగా పడితే ట్యాంకు మొత్తం పోతుంది.

చివరగా ఒక మాట. ట్యాంకు ఉన్న ఆ హాల్లోనే మన పిల్లలు పడుకుంటారు. పొద్దున లేవగానే తల బరువుగా ఉందంటారు. మీటరులో కనిపిస్తున్న 7.7 ఆ పిల్లలు రాత్రంతా పీల్చిన గాలి లెక్క కూడా. ఈ రాత్రి వెనకవైపు కిటికీ జానెడు తెరిచి పడుకోండి. రేపు పొద్దున ట్యాంకు లైటు వెలగకముందే మీటరు చూడండి. అంతవరకూ ఆ సీసాను ముట్టుకోకండి.