కాకి గూటిలో కోకిల గుడ్డు

క్లిఫర్డ్ స్టోల్ రచించిన ‘ది కుకూస్ ఎగ్’ను మొదటిసారి హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో, రాత్రి డ్యూటీల మధ్య చదివాను. అప్పుడది నాకొక గూఢచారి కథ. ఈ వానాకాలంలో తన్లిన్‌లో కరెంటు లేని కొన్ని రాత్రులు మళ్ళీ చదివాను. ఈసారి కథకన్నా అందులోని హెచ్చరికే ఎక్కువగా కలవరపెట్టింది. కారణం కొంత పుస్తకంలో ఉంది, కొంత నా తప్పులో ఉంది.

1989లో వెలువడిన పుస్తకమిది. స్టోల్ ఖగోళ శాస్త్రజ్ఞుడు. పరిశోధనకు నిధులు అయిపోవడంతో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో కంప్యూటర్ల బాగోగులు చూసే పనిలో చేరాడు. 1986 ఆగస్టులో అక్కడి లెక్కల్లో 75 సెంట్ల తేడా కనబడింది. ఎవరైనా పట్టించుకోకుండా వదిలేసే మొత్తమే. ఆయన వదలలేదు. నెలల తరబడి ఆ జాడ పట్టుకుని వెళితే, జర్మనీలోని హానోవర్ నగరంలో కూర్చుని అమెరికా సైనిక కంప్యూటర్లలోకి చొరబడుతూ, దొరికిన సమాచారాన్ని సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీకి చేరవేస్తున్న మార్కస్ హెస్ అనే యువకుడు బయటపడ్డాడు. కోకిల తన గుడ్డును పరాయి గూటిలో పెట్టినట్లు అతడు తన ప్రోగ్రామును ఆ కంప్యూటర్‌లో పెట్టాడు. పుస్తకానికి ఆ పేరు అందుకే వచ్చింది.

తొలిసారి చదివినప్పుడు నేను గమనించని వివరం ఒకటుంది. హెస్ వాడుకున్న ఖాతాల్లో ఒకటి, ఆ ప్రయోగశాలను వదిలి ఇంగ్లండు వెళ్ళిపోయిన ఒక పరిశోధకుడిది. మనిషి వెళ్ళిపోయాడు, ఖాతా మిగిలిపోయింది. పాస్‌వర్డ్ సరిగ్గా ఉంటే, దానిని కొట్టిన వేళ్ళు ఎవరివో కంప్యూటర్ అడగదు.

నాకూ అటువంటి ఖాతా ఒకటి ఉండేది. నేను కొంతకాలం పాఠాలు చెప్పిన ఒక వైద్య కళాశాల ఇచ్చినది. నేనా ఊరు, ఆ దేశం వదిలి యాంగోన్‌కు బాగో నది అవతల ఉన్న ఈ తన్లిన్‌కు వచ్చాక కూడా అది పనిచేస్తూనే ఉండింది. దాని ద్వారా గ్రంథాలయంలోని వైద్య పత్రికలన్నీ చదువుకోవచ్చు. ఇక్కడి జూనియర్ డాక్టర్లు నన్ను ‘సయా’ అని పిలుస్తారు. బర్మీస్ భాషలో గురువునూ వైద్యుణ్ణీ పిలిచే మాట ఒకటే. వాళ్ళు ఒక వ్యాసం అడిగితే పాస్‌వర్డే ఇచ్చేశాను. పుస్తకం అరువిచ్చినంత సహజంగా ఇచ్చాను. అది డ్యూటీ రూములో గోడ క్యాలెండరు వెనక పెన్సిలుతో రాసి ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఒక ఉదయం నా పాత విద్యార్థులకు నా పేరిట ఉత్తరాలు వెళ్ళాయి. ఒక పేద రోగి శస్త్రచికిత్సకు డబ్బు తక్కువైందనీ, వెంటనే పంపమనీ వాటి సారాంశం. ఆ దొంగ చేతికి పాస్‌వర్డ్ ఎలా చిక్కిందో ఇప్పటికీ తేలలేదు. క్యాలెండరు వల్ల కావచ్చు, నేను వేరేచోట కూడా అదే పాస్‌వర్డ్ వాడినందువల్ల కావచ్చు. ఒక శిష్యుడు ముప్పయి వేల రూపాయలు పంపేశాడు. నేను తిరిగి పంపబోతే, “మీరు అడిగారనే పంపాను సార్, ఇంకేమీ ఆలోచించలేదు” అన్నాడు. దొంగిలించబడింది డబ్బు అనుకున్నాను. నిజానికి పోయింది ఆ కుర్రవాడికి నా మాటమీద ఉన్న గురి.

పాస్‌వర్డ్‌లో ఉన్న మౌలికమైన లోపం ఇదే. స్టెతస్కోపు పోతే సాయంత్రానికి తెలుస్తుంది. పాస్‌వర్డ్ పోయినా మన దగ్గరే ఉన్నట్లుంటుంది. పైగా దాని చరిత్ర మొదటినుంచీ కళాశాలలతో ముడిపడింది. 1962లోనే ఎంఐటీలో ఆలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, తనకు కేటాయించిన కంప్యూటర్ సమయం చాలక, అందరి పాస్‌వర్డ్‌లూ ఉన్న ఫైలును అచ్చు తీయించుకున్నాడు. ఇక 2018 మార్చిలో అమెరికా న్యాయశాఖ తొమ్మిదిమంది ఇరానీయులపై మోపిన అభియోగం చూడండి. 144 అమెరికన్ విశ్వవిద్యాలయాలు, మరో 21 దేశాల్లోని 176 విశ్వవిద్యాలయాలు వారి గురి. సుమారు 8,000 మంది ఆచార్యుల ఖాతాలు వారి వశమయ్యాయని ఆరోపణ. పద్ధతి చాలా సులువు. ‘మీ వ్యాసం చదివాను, ఆసక్తికరంగా ఉంది’ అంటూ మరో విశ్వవిద్యాలయపు ఆచార్యుడి పేరిట ఉత్తరం వస్తుంది. అందులోని లింకు నొక్కితే సొంత విశ్వవిద్యాలయపు లాగిన్ పేజీలాంటి నకిలీ పేజీ తెరుచుకుంటుంది. పొగడ్తకు లొంగని రచయిత ఎవరు?

అందుచేత కళాశాల ఖాతాకు రెండో తాళం తప్పనిసరి అని నా అభిప్రాయం. మన తెలిసినదానికి, అంటే పాస్‌వర్డ్‌కు, మన చేతిలో ఉన్న వస్తువేదో తోడు కావాలి. వైద్యులకు ఈ సూత్రం కొత్త కాదు. రోగిని కనీసం రెండు గుర్తులతో నిర్ధారించుకోవాలనీ, గది సంఖ్యను గుర్తుగా తీసుకోకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే సూచించింది. మంచం నంబరు చూసి రక్తం ఎక్కించని మనం, ఒక్క మాట విని ఖాతా ఎందుకు అప్పగించాలి?

అయితే ఆ రెండో తాళం ఎలాంటిదన్నది కూడా ముఖ్యమే. మనకు అలవాటైనది ఓటీపీ. 2009 ఆగస్టు నుంచి భారతీయ రిజర్వు బ్యాంకు ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు రెండో ధ్రువీకరణను తప్పనిసరి చేశాక అది మన ఇళ్ళల్లోకి వచ్చింది. నా సంఘటన తర్వాత ఆ కళాశాల కూడా ఖాతాలకు ఓటీపీ పెట్టింది. సందేశం వెళ్ళేది మాత్రం నా పాత భారతీయ నంబరుకు. ఆ సిమ్‌కు ఇక్కడ సిగ్నలు లేదు. దొంగతోపాటు నన్నూ బయట నిలబెట్టారు. 2021లో ఈ దేశంలో మొబైల్ ఇంటర్నెట్ వారాలపాటు ఆగిపోయిన రోజులు చూసినవాణ్ణి కనుక, ఫోన్ సంస్థ దయమీద ఆధారపడే తాళంచెవిని నేను నమ్మలేను.

మేలైన మార్గాలున్నాయి. అథెంటికేటర్ యాప్‌కు సిగ్నలు అక్కర్లేదు. మొదట ఒక్కసారి సర్వరూ ఫోనూ ఒక రహస్యాన్ని పంచుకుంటాయి. తర్వాత ఆ రహస్యంనుంచీ గడియారంనుంచీ ముప్పయి సెకన్లకొకసారి ఆరంకెల సంఖ్య పుడుతుంది. ఫోను పోయిన రోజుకోసం బ్యాకప్ కోడ్లు కాగితంమీద అచ్చు తీసి, పాస్‌పోర్టు దాచినచోట దాచుకోవాలి. కానీ నకిలీ పేజీ ఆ ఆరంకెలను కూడా అడిగి, అప్పటికప్పుడే అసలు పేజీలో వాడుకోగలదు. 2025లో అమెరికన్ విశ్వవిద్యాలయ ఉద్యోగుల జీతాలు ఇలాగే దారి మళ్ళాయని మైక్రోసాఫ్ట్ వెల్లడించింది. దానికి విరుగుడు పాస్‌కీ. అది అసలు వెబ్‌సైటుకు తప్ప స్పందించదు. మనిషి మోసపోయినా అది మోసపోదు. ఏ కళాశాలైనా ఈ మూడింటికీ చోటివ్వాలి, సిమ్ ఒక్కదానిమీదే భారం వేయకూడదు. వదిలి వెళ్ళినవారి ఖాతాలను గడువు చెప్పి మూసెయ్యాలి, నాది కూడా.

మరి క్యాలెండరు వెనక పాస్‌వర్డ్ చదువుకున్న ఆ యువ వైద్యుల మాటేమిటి? రెండో తాళం వారి పఠనాన్ని కూడా మూసేస్తుందన్నది నిజం. నేను దీన్ని తేలిగ్గా తీసుకోలేను. ఎంఐటీ విద్యార్థి ఆశించింది అదనపు సమయం, వీళ్ళు ఆశించింది ఒక వ్యాసం. ఇద్దరి ఆకలీ న్యాయమైనదే. దానికి జవాబు తలుపు తెరిచి ఉంచడం కాదు. అందరికీ తెరిచి ఉండే పబ్‌మెడ్ సెంట్రల్ 2000నుంచీ ఉంది. అల్పాదాయ దేశాల వైద్య సంస్థల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రచురణకర్తలతో కలిసి 2002లో ప్రారంభించిన హినారీ ఉంది. వీటిని వాడడం నేర్పవలసిన నేను, సులువని నా పేరును చేతికిచ్చాను.

ఇప్పుడు వారానికొక సాయంత్రం మేమంతా కూర్చుని, ఎవరి ఖాతాతో వారే వ్యాసాలు వెతుక్కుంటున్నాం. క్యాలెండరు మారింది. దాని వెనక ఏమైనా రాసి ఉందేమోనని నేనింకా ఒకసారి తిప్పి చూస్తూనే ఉన్నాను.