కారులోని తీపివాసన

గోదావరీతీరమున కారులో హీటరుతో పని యేమని సోదరీమణులు నవ్వుకొనవచ్చును. మేమును అట్లు నవ్వుకొన్నవారమే. మా కారునకు ఇరువదియేండ్లు దాటినవి. ఇన్నియేండ్లలో మేము హీటరు మీట త్రిప్పినది మారేడుమిల్లి ఘాటీలో ఒక్క తెల్లవారుజామున మాత్రమే.

కడచిన సంక్రాంతికి రాజమహేంద్రవరమునుండి అమలాపురము పోవుచుంటిమి. జొన్నాడ వంతెన దాటునప్పటికి ముందుసీటున గూర్చున్న మా అత్తగారి పాదములక్రింది పట్టా తడిసియుండెను. "ఆయ్, ఏ.సీ. నీరేనండమ్మగారూ" అని డ్రైవరు తేల్చివేసెను. ఆ చలిప్రొద్దున ఏ.సీ. వేయనేలేదను సంగతి మాలో నొక్కరికిని తోపదాయెను! రావులపాలెమునొద్ద బండిలో పానకము కాగుచున్నట్టి వాసన పుట్టెను. అద్దము లోపలివైపున జిడ్డుపొర యేర్పడి, తుడిచినకొలదియు అలముకొనెను. ఎదురుగా వచ్చు లారీ దగ్గరకు వచ్చినగాని కానరాదు. కొత్తపేట చేరకమున్నే వేడిని దెలుపు ముల్లు పైకెగసెను. వెంటనే బండి నాపించి అరటితోటప్రక్కన గంటసేపు కూర్చుంటిమి. డ్రైవరు రేడియేటరు మూత విప్పబోగా వారించితిమి. వేడిమీద విప్పినచో మరుగునీరు మొగమునకు చిమ్మును.

అమలాపురములో మెకానిక్కు చెప్పగా తెలిసినది. ఇంజనును చల్లార్చు నీరు రెండు రబ్బరుగొట్టములద్వారా డాష్‌బోర్డు వెనుకనున్న మరియొక చిన్న రేడియేటరునకును పోవును. దానిని హీటరు కోరందురు. పెక్కుబండ్లలో మీట కదలించునది గాలితలుపును మాత్రమే. వేడినీరు ఎల్లప్పుడును కోరులో తిరుగుచునే యుండును. కావున వాడని హీటరును చివికి కారును. కూలెంటు తగ్గినప్పుడెల్ల మేము ఉప్పు బోరునీరు కలుపుచు వచ్చితిమి. ఆ నీరే లోహమును దినివేసినది.

తెల్లగుడ్డతో అద్ది చూచినచో భేదము తెలియును. ఏ.సీ. నీటికి రంగును వాసనయు నుండవు. కూలెంటు పచ్చగనో యెఱ్ఱగనో యుండి వ్రేళ్ళకు జిగురుగా తగులును. నాలుకతో మాత్రము పరీక్షింపరాదు. అందలి ఇథిలీన్ గ్లైకాలు తియ్యని విషము, మూత్రపిండములను చెఱచును. పసిపిల్లలును కుక్కలును తీపికి ఆశపడి నాకుదురు. అందుచేతనే ఆ పట్టాను పిల్లలు తిరుగు పెరటిలో ఆరవేయక, దూరముగా కడిగించితిమి.

కోరు మార్చవలెనన్న డాష్‌బోర్డంతయు విప్పవలెను. పాతబండికి అది పెద్దఖర్చు. రేడియేటరులో నొక పొడి పోసిన కారుట ఆగునని ఒకరనిరి. ఆ పొడియే రేడియేటరు సన్ననాళములను గూడ పూడ్చవచ్చునని మేమొల్లమైతిమి. తుదకు ఇంజనువైపుననే రెండుగొట్టములను ఒకదానితో నొకటి కలిపించి, కోరును విడిచిపెట్టితిమి. కొన్ని యింజనులకిది పొసగదు గనుక ఆ బండి నెఱిగినవానినే అడుగవలెను. పిమ్మట పాతనీరు కడిగించి, బ్యాటరీనీటితో కలిపిన కూలెంటు నింపించితిమి. ధనుర్మాసపు మంచులో అద్దము మసకబారినపుడు వెచ్చనిగాలి లేదు, బయటిగాలితో ఏ.సీ. వేసిన చాలుచున్నది.

వారమున కొక్కమారు ఇంజను చల్లగానున్నవేళ నీటిమట్టము చూచుచున్నాము, తగ్గలేదు. మా అత్తగారు మాత్రము నేటికిని వెనుకసీటుననే కూర్చుందురు.