సర్పంచ్ కాదు, కెప్టెన్: నికోబార్ జిల్లాలో పాలన ఎలా సాగుతుంది?

గ్రేట్ నికోబార్ ప్రాజెక్టు వార్తల్లో ‘ట్రైబల్ కౌన్సిల్’ అన్న మాట మీకు తరచూ కనిపిస్తుంటుంది. ఇది పంచాయతీయా? దాని ‘కాదు’కు ఎంత బలం ఉంది? తెలుసుకుందాం.

జిల్లా ఎంత? జనం ఎంత?

2011 జనాభా లెక్కల ప్రకారం నికోబార్ జిల్లా జనాభా 36,842. ఇది అప్పటి హైదరాబాద్‌లో సగటున ఒక జీహెచ్ఎంసీ డివిజన్‌లో ఉన్న జనం కంటే తక్కువ. విస్తీర్ణం మాత్రం 1,841 చదరపు కిలోమీటర్లు. అంటే చదరపు కిలోమీటరుకు 20 మంది. జనాభాలో దాదాపు మూడింట రెండొంతులు గిరిజనులే. వారిలో ఎక్కువ మంది నికోబారీలు. గ్రేట్ నికోబార్ అడవుల్లో షోంపెన్ తెగ కూడా ఉంది.

ఎవరి చేతుల్లో ఉండేది?

18వ శతాబ్దం మధ్యలో డెన్మార్క్ ఈ దీవులు తనవని ప్రకటించింది. 1869లో బ్రిటిష్‌వారు స్వాధీనం చేసుకున్నారు. 1942 నుంచి 1945 వరకు జపాన్ ఆక్రమణలో ఉన్నాయి. 1974లో నికోబార్ ప్రత్యేక జిల్లా అయింది. జిల్లా కేంద్రం కార్ నికోబార్.

ఇప్పుడు ఎవరు పాలిస్తారు?

అండమాన్ నికోబార్‌కు శాసనసభ లేదు. ఉన్నది ఒక్క లోక్‌సభ స్థానం. కేంద్రం తరఫున లెఫ్టినెంట్ గవర్నర్, జిల్లాలో డిప్యూటీ కమిషనర్ ఉంటారు. గిరిజన గ్రామాల్లో మీకు తెలిసిన పంచాయతీ వ్యవస్థ ఉండదు. ఊరి పెద్దను ‘కెప్టెన్’ అంటారు. ఈ సంప్రదాయానికి 2009 నాటి ట్రైబల్ కౌన్సిళ్ల రెగ్యులేషన్ చట్ట రూపం ఇచ్చింది. దాని కింద గ్రామానికో మండలి, ఆపైన ట్రైబల్ కౌన్సిల్ పనిచేస్తాయి.

గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే వైపు మాత్రం గ్రామ పంచాయతీలున్నాయి. 1969 నుంచి పంజాబ్, మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రాల మాజీ సైనికుల కుటుంబాలను అక్కడ స్థిరపరిచారు. అంటే ఒకే దీవిలో రెండు రకాల స్థానిక పాలన నడుస్తోంది.

భూమికి రక్షణ ఏమిటి?

నికోబార్ ఐదో షెడ్యూల్‌లోనూ లేదు, ఆరో షెడ్యూల్‌లోనూ లేదు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ రెగ్యులేషనే ప్రధాన కవచం. దాని ప్రకారం రిజర్వు ప్రాంతంలోకి బయటివారు పాస్ లేకుండా వెళ్లకూడదు. పాలనా యంత్రాంగం అనుమతి లేకుండా అక్కడి భూమిపై హక్కు పొందలేరు. మెలిక ఇక్కడే ఉంది. రిజర్వు హద్దులు మార్చే అధికారం కౌన్సిల్‌ది కాదు, ఆ యంత్రాంగానిదే.

అసలు వివాదం ఏమిటి?

రేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, టౌన్‌షిప్‌లతో రూ.70 వేల కోట్లకు పైగా వ్యయమయ్యే ప్రాజెక్టు ఇది. దీనికోసం 130.75 చదరపు కిలోమీటర్ల అటవీ భూమి మళ్లించాలి. 2022 ఆగస్టులో ట్రైబల్ కౌన్సిల్ నిరభ్యంతర పత్రం ఇచ్చింది. తమకు పూర్తి సమాచారం ఇవ్వలేదంటూ నవంబరులో వెనక్కి తీసుకుంది. అదే నెలలో పర్యావరణ అనుమతి కూడా వచ్చింది.

2004 డిసెంబరు 26 సునామీ తర్వాత నికోబారీలను పాత ఊళ్ల నుంచి తరలించారు. తిరిగి అక్కడికే వెళ్తామని వారు అడుగుతున్నారు. ప్రాజెక్టు ప్రాంతంలో ఆ పూర్వీకుల భూములు కూడా ఉన్నాయన్నది కౌన్సిల్ అభ్యంతరం.

ఈసారి ‘స్థానికులు ఒప్పుకున్నారు’ అని చదివితే రెండు విషయాలు చూడండి. ఒప్పుకున్నది పంచాయతీయా, ట్రైబల్ కౌన్సిలా? ఆ సమ్మతి ఇప్పటికీ నిలిచి ఉందా?