హాజరు పట్టీకి అందని శ్రద్ధ

మాఘ ఫాల్గుణములలో పర్చూరు ప్రాంతపు మిరప కల్లములకు పోయి చూచినవారికి, ఎఱ్ఱని కాయల రాశి చుట్టును గూర్చుండి, మంచికాయనుండి తాలుకాయను వేరుచేయుచు, మంటలెత్తు వ్రేళ్లను చీరకొంగునకు తుడుచుకొనుచు, ప్రొద్దు వాలువరకు తల యెత్తక పనిచేయు స్త్రీలు కనబడుదురు. వారిలో ఎవరు మనసుపెట్టి యేరుచున్నారో ముఠా మేస్త్రీకి తెలియును. రైతునకో, బస్తా గుంటూరు మిర్చియార్డుకు చేరి, కొనుగోలుదారు గుప్పెడు కాయ తీసి చూచినప్పుడుగాని తెలియదు.

కూలి కట్టు పద్ధతియే శ్రద్ధను పుట్టించునని కొందరు వాదింతురు. పత్తితీతకు కిలో చొప్పున కూలి యిచ్చినచో పని వడిగా సాగునన్నమాట నిజమే, కాని ఆ వడిలో ఎండుటాకును, కాయపెచ్చులును దూదితోపాటు సంచిలో పడును, భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలు కేంద్రమున తేమ 8 నుండి 12 శాతము లోపల నున్నదా యని యంత్రము గ్రుచ్చి చూచువారు చెత్తనుగూడ చూతురు, ధర తగ్గును, నింద కూలిమనిషి మీద పడును. తూకము చేతివేగమును కొలిచినదేగాని శ్రద్ధను కొలువలేదు. కొలిచినదానికి మాత్రమే కూలి యిచ్చి, కొలువనిదానికై కోపించుట న్యాయమా?

కొలిచినదే శ్రద్ధ యను ఈ భ్రమకు ప్రభుత్వము కూడ లోనైనది. ఉపాధి హామీ పనులలో 2023 జనవరి 1 నుండి రోజునకు రెండుమారులు కూలీల ఫొటోలను యాప్‌లో ఎక్కించుట తప్పనిసరి చేసిరి. దొంగ మస్టర్లను అరికట్టుటకు అది ఉపకరించును గాక. మనిషి అచ్చట నిలిచియుండెననుటకు మించి ఆ ఫొటో యేమియు చెప్పజాలదు.

అమెరికాలో చికాగో చెంతనున్న హాథార్న్ కర్మాగారమున 1924 మొదలు 1932 వరకు జరిగిన పరిశోధనలు ఇచ్చట స్మరింపదగినవి. వెలుతురు, విశ్రాంతి వేళలు మార్చి పని పెరుగుదలను కొలిచిన ఆ ప్రయోగముల ఫలితములపై పండితులు నేటికిని తర్కించుచున్నారు. నాకు అంతకన్న విలువైనదిగా తోచునది, అచ్చటనే 20 వేలమందికి పైగా కార్మికులతో జరిపిన సంభాషణము. తొలుత ముందుగా కూర్చుకొన్న ప్రశ్నలతో పోయినవారు, కార్మికుల మనసు వేరొకచోట నుండుట గమనించి, ప్రశ్నలను ప్రక్కన బెట్టి, వారు తలచినది చెప్పనిచ్చి విన నేర్చిరి. 1990లో విలియం కాన్ అను పండితుడు, మనుష్యుడు పనిలో తన్ను తాను నిలుపుటకు మూడు కావలెనని వ్రాసెను: పనికి అర్థమున్నదన్న భావము, నోరు విప్పినను కీడు రాదన్న ధైర్యము, దేహమనస్సులలో మిగిలియున్న శక్తి. ఈ మూడింటిని మన కల్లములో వెదకి చూడుడు. నెత్తిన నీడయు, త్రాగ నీరును లేక మిట్టమధ్యాహ్నమునకే శక్తి యుడిగిన స్త్రీని శ్రద్ధ యేదని అడుగుట క్రౌర్యము కాదా?

ఇప్పుడు పెద్ద సంస్థలు ఏటేట ప్రశ్నావళులను పంచుచున్నవి. గాలప్ సంస్థ 12 ప్రశ్నల పట్టికతో లెక్కవేసి, 2024లో ప్రపంచమున నూటికి 21 మంది ఉద్యోగులే పనిలో లీనమైరని చాటెను. అడుగుట మంచిదే. కాని అడిగి, జవాబు వ్రాయించుకొని, అటుపై మౌనము దాల్చిన యజమాని అసలు అడుగనివానికంటె నమ్మకమును ఎక్కువగా పోగొట్టుకొనును. మన జిన్నింగు మిల్లులలోను, కోల్డు స్టోరేజీలలోను అడుగువాడు మేస్త్రీ కారాదు, పేరు వ్రాయించరాదు. చెప్పిన ఇబ్బందులలో ఏది తీర్చిరో, ఏది తీర్పలేకపోయిరో, ఏల తీర్పలేకపోయిరో సీజను ముగియకముందే అందరి యెదుట చెప్పవలెను.

కాగితము లేని కొలత యొకటి యీ నేలమీద ఎప్పటినుండియో ఉన్నది. కర్నూలు పడమటి సీమనుండి కోతలకు వలసవచ్చు ముఠాలు మరుసటి యేడు కొందరు రైతుల చేలకే తిరిగి వచ్చును, కొందరి గట్టు త్రొక్కవు. ఏల త్రొక్కవో ఆ ముఠాలనే అడిగి వ్రాసికొనువారు మాత్రము నేటికిని అరుదు.