గింజంత చిప్పు, గింజలు లేని ఇల్లు



ఈ మధ్య మన వాట్సాప్ గ్రూపుల్లో వాక్యం కంటే ఎక్కువ తిరుగుతున్నది చిప్పు. స్వీడన్ దేశంలో కొన్ని వేల మంది చేతి చర్మం కింద బియ్యపు గింజంత చిప్పు పెట్టించుకున్నారు. తలుపు తీయడానికి, రైలు టికెట్ చూపించడానికి అది పనికొస్తుందట. ఇది నిజమే, వార్తల్లో వచ్చిందే. ఆ వార్తకు ఎర్రటి అక్షరాలతో 666 తగిలించి, వెనక ఉరుముల మ్యూజిక్ పెట్టి, "ముద్ర వచ్చేసింది" అని చెప్పే వీడియో నాకు నాలుగు గ్రూపుల నుంచి వచ్చింది. ఆ వీడియో కింద కానుకలు పంపడానికి స్కానర్ కోడ్ కూడా ఉంది. కొనడం, అమ్మడం అంతా క్రూరమృగం చేతిలోకి పోతున్నదని చెప్పే ఆ దైవజనుడు, పోయేలోపల ఒకసారి స్కాన్ చేయమంటున్నాడు.

ఇంతవరకైతే నవ్వి ఊరుకునేవాణ్ని. కానీ మన సంఘంలోని ఒక పెద్దమ్మ రేషన్ కార్డుకు ఈ-కేవైసీ చేయించుకోనని మొండికేసింది. "వేలు వెడితే ముద్ర వడ్డట్టేనంట గద అయ్యగారూ, పానం బోయినా వెట్ట" అన్నది. ఆమె కార్డులో ఆమె ఒక్కతే. నెలకు ఆరు కిలోల బియ్యం. ఆ వీడియో ఆమెకు చూపించినవాడు మన యవ్వనస్తుల్లో ఒకడు. ఆమెను భయపెట్టి, ఇంటికి పోయి అన్నం తిని పడుకున్నాడు. మా ఇంట్లో అమ్మగారు రెండు సాయంత్రాలు ఆమె పక్కన కూర్చుని మాట్లాడితే గానీ పని కాలేదు. అందుకే ఈసారి కొంచెం గట్టిగానే రాస్తున్నాను.

ఈ భయం కొత్తదేమీ కాదు. 1974 జూన్ 26న అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊళ్లో, ఒక దుకాణంలో చూయింగ్ గమ్ ప్యాకెట్ మీది బార్‌కోడ్‌ను మొదటిసారి మిషన్‌తో చదివించారు. కొన్నేళ్లకే ఆ గీతల్లో 666 దాగుందని అక్కడ పుస్తకాలు వచ్చాయి. తర్వాత క్రెడిట్ కార్డు వంతు. తర్వాత 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోయి లోకం ముగుస్తుందన్నారు. ముగియలేదు సరికదా, ఆ వైటూకే మరమ్మతు పని పేరు మీదనే మన తెలుగు పిల్లలెందరో అమెరికా విమానం ఎక్కారు. 2010 సెప్టెంబర్‌లో మహారాష్ట్రలోని టెంభ్లి అనే ఊరిలో మొదటి ఆధార్ నంబరు ఇచ్చారు, ఇక ఇదే ముద్ర అన్నారు. 2021లో కరోనా టీకా సూదిలో చిప్పు ఉందన్నారు. వీళ్ల లెక్క ప్రకారం చూస్తే మన ఒంటి మీద ఇప్పటికే కనీసం ఐదు ముద్రలు ఉండాలి.

చెప్పినవాళ్లలో ఒక్కరైనా తిరిగి వచ్చి "నేను చెప్పింది జరగలేదు, క్షమించండి" అన్నారా? చెప్పింది జరగకపోతే ఆ ప్రవక్తకు భయపడనవసరం లేదని ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం చివరి వచనంలో ఉంది. ఈ వచనానికి ఎవరూ వీడియో చేయరు, ఎందుకో!

ప్రకటన గ్రంథం 13వ అధ్యాయాన్ని ఫోన్ పక్కన పెట్టి చదవండి. అక్కడ ముద్ర కంటే ముందు వచ్చేది నమస్కారం. మృగానికి, దాని ప్రతిమకు మొక్కినవాళ్లే ముద్రవాళ్లు. తెలియకుండా, పొరపాటున, డీలర్ మిషన్ మీద బొటనవేలు పెడితే పడిపోయే ముద్ర గురించి యోహాను ఎక్కడా రాయలేదు. పత్మాసు ద్వీపంలో ఉండి ఆయన రాసింది ఆ రోజుల్లో ఆసియా సంఘాలు పడుతున్న బాధ గురించి. కైసరుకు ధూపం వేయనివాడికి ఊళ్లో వ్యాపారం కష్టం, వృత్తిసంఘాల విందుల్లో కూర్చోనివాడికి పని కష్టం. గ్రీకులో ముద్రకు వాడిన మాట అప్పట్లో పత్రాల మీద కొట్టే చక్రవర్తి ముద్రకు కూడా వాడేవారు. నీరో కైసరు పేరును హెబ్రీ అక్షరాల్లో రాసి వాటి లెక్క కడితే 666 వస్తుందని పండితులు ఎప్పటినుంచో చెబుతున్నారు. కొన్ని పాత ప్రతుల్లో ఆ సంఖ్య 616 అని కూడా ఉంది. ఆ సంఘాలకు ఇదంతా తెలియని భవిష్యత్తు కాదు, ఆ వారం సంత సంగతి.

పేరు నమోదు చేయించుకోవడమే పాపమైతే మన క్రిస్మస్ ఏమవుతుంది? కైసరు ఔగుస్తు ఆజ్ఞ ప్రకారం పేరు రాయించుకోవడానికే నిండు గర్భిణి మరియను తీసుకుని యోసేపు నజరేతు నుంచి నూరు కిలోమీటర్లకు పైగా నడిచి బేత్లెహేముకు పోయాడు. మన రక్షకుడు పుట్టిందే ప్రభుత్వ ఎన్‌రోల్‌మెంట్ కోసం చేసిన ప్రయాణంలో. ఆ నమోదులో ఆయన పేరు ఉన్నందుకు ఆయన కైసరు సొత్తు కాలేదు.

ఇంకొక మాట. ముఖం ఎవరికీ చూపించొద్దు, వేలిముద్ర ఎవరికీ ఇవ్వొద్దు అనే ఆ వీడియో చూడటానికి మీరు ఫోన్‌కు ముఖం చూపిస్తున్నారు, లేకపోతే వేలు పెడుతున్నారు. రోజుకు యాభై సార్లు. ఆ కంపెనీ మీద ఎవరికీ అనుమానం రాలేదు. కెమెరా బాగుంటే చాలు.

సరే, కొనలేని, అమ్మలేని మనుషులు ఎక్కడా లేరా? ఉన్నారు. దూరం పోనక్కర్లేదు.

గద్వాల వైపు సీడు పత్తి చేలలో క్రాసింగ్ పని చేసే ఆడవాళ్ల వేళ్లు చూడండి. సాయంత్రం మొగ్గలు గిల్లడం, తెల్లారి పూలకు పుప్పొడి అద్దడం, రోజుకు ఎన్ని వందల పూలో. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు వేరుశనగ పీకి కాయలు తెంపే చేతులు చూడండి. పాలమూరు కూలీ అంటే దేశమంతా తెలుసు, సిమెంటు, ఇటుక, మట్టి తట్టతో గీతలు అరిగిపోయిన చేతులు మనవి. ఆ చేతులు పోయి కంట్రోల్ దుకాణంలో మిషన్ మీద వేలు పెడితే మిషన్ గుర్తుపట్టదు. తుడుచుకుని మళ్లీ పెట్టు, కొంచెం నూనె రాసి పెట్టు, రేపు రా. కష్టపడినందుకే ఆ వేళ్లు అరిగాయి. కష్టపడని వేలును మాత్రం మిషన్ వెంటనే గుర్తుపడుతుంది.

మిషన్‌ను ఊరికే తిట్టను, అబద్ధం చెప్పకూడదు కదా. మిషన్ రాకముందు రిజిస్టర్‌లో దొంగ వేలిముద్రలు పడేవి, ఊరి బియ్యం రాత్రికి రాత్రి లారీ ఎక్కేది. ఇప్పుడు తూకం కూడా మిషన్‌కు కలిపారు. ఆమోసు 8వ అధ్యాయంలో దొంగ తూకాల మీద ప్రవక్త పడ్డ కోపం గుర్తుంటే, ఇది మంచి పనే అని ఒప్పుకోవాలి. వలసపోయిన మనవాళ్లకు ఇంకో మేలు జరిగింది. ఒక రాష్ట్రం కార్డుతో ఇంకో రాష్ట్రంలో బియ్యం తీసుకునే పద్ధతిని 2019 ఆగస్టులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మధ్య ఒక జతగా, గుజరాత్, మహారాష్ట్ర మధ్య ఇంకో జతగా మొదలుపెట్టారు. అదీ ఈ వేలిముద్ర మీదే నడుస్తుంది.

మరి బాధ ఎక్కడుంది? మిషన్ చెప్పిందే సత్యం, మనిషి చెప్పేది అబద్ధం అని అనుకోవడంలో ఉంది.

మన రాష్ట్రంలో సమగ్ర వేదిక అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. ఆ పేరుకు ఇంతవరకు ఎవరూ ఉరుముల మ్యూజిక్ పెట్టలేదు. వేర్వేరు ప్రభుత్వ శాఖల దగ్గరున్న పేర్లు, చిరునామాలు, వాహనాలు, ఆస్తుల వివరాలను కలిపి చూసి, ఇతను పేదవాడా కాదా అని అది తేలుస్తుంది. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒకాయన ఇంటికి కారు ఉందని తేల్చింది. ఆ కారు దగ్గరి పేరున్న ఇంకెవరిదో. కార్డు పోయింది, ఆయన పోయిన తర్వాత ఆయన భార్య ఆ కార్డు కోసం ఏళ్ల తరబడి తిరిగింది. 2024 జనవరిలో అల్ జజీరా ఈ సంగతి వివరంగా రాసింది. హైదరాబాద్ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన కేసులో, రాష్ట్రంలో రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయికి పోయి మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. పందొమ్మిది లక్షలు! చేతిలో చిప్పు పెట్టించుకున్న స్వీడన్‌వాళ్లు కొన్ని వేలు.

ఉపాధి హామీ పనిలో, మన భాషలో కరువు పనిలో, 2023 జనవరి నుంచి యాప్‌లో రోజుకు రెండుసార్లు ఫోటో తీస్తేనే హాజరు అన్నారు. సిగ్నల్ లేని గుట్ట దగ్గర ఎండలో నిలబడి ఫోటో ఎక్కలేదంటే ఆ రోజు చేసిన మట్టి పని ఎవరి ఖాతాలో? అదే యాప్‌లో కొందరు పాత ఫోటోను ఫోటో తీసి ఎక్కిస్తున్నారని, పనికి సంబంధం లేని ఫోటోలు పెడుతున్నారని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. మోసం తెలిసినవాడికి యాప్ లొంగింది. ఇబ్బంది పడ్డది పార పట్టినామె.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మన సంఘం పిల్లలు కూడా ఇది చదువుతారు కాబట్టి వాళ్లకూ ఒక మాట. నూటికి తొంభై తొమ్మిది సరిగ్గా వస్తే మీ దగ్గర కేక్ కోస్తారట. లూకా 15లో ఉన్న కాపరికి కూడా సరిగ్గా తొంభై తొమ్మిదే వచ్చాయి. ఆయన కేక్ కోయలేదు, అడవికి పోయాడు. మీరు రాసే ప్రోగ్రాంలో ఆ ఒక్కటి ఎవరి దగ్గరికి వచ్చి తన బాధ చెప్పుకోవాలో, ఆ తలుపు ఎక్కడ పెట్టారో మీ పై అధికారిని అడగండి.

666 వీడియోల మీద నాకున్న అసలు కోపం ఇక్కడే. బియ్యం ఆగింది మృగం వల్లే అన్నామంటే, ఇక చేసేదేముంది? ప్రవచనం మీద అర్జీ పెట్టలేం. ప్రజావాణిలో టోకెన్ తీసుకుని మృగం మీద ఫిర్యాదు రాయలేం. అదే, ఫలానా సాఫ్ట్‌వేర్ ఫలానా తేదీన ఫలానా కార్డును తప్పుగా కొట్టేసింది అన్నామంటే, దానికి ఒక కార్యాలయం ఉంది, ఒక అధికారి ఉన్నాడు, ఒక కోర్టు ఉంది. భయం అమ్ముకునేవాళ్ల వల్ల అధికారులకే సుఖం. జనం మోకాళ్ల మీద ఉంటారు గానీ ఆఫీసు మెట్లు ఎక్కరు. మోకాళ్లు వద్దనడం లేదు. యాకోబు పత్రిక 2వ అధ్యాయంలో, తిండిలేని సహోదరిని సమాధానంగా వెళ్లమని పంపేసేవాడి గురించి ఏముందో చదివి, తర్వాత మోకరించండి.

"అయ్యగారూ, రేపు ఇదే మిషన్‌తో మన విశ్వాసం మీదకి వస్తే?" అని ఒక సహోదరుడు అడిగాడు. మంచి ప్రశ్నే. ఒకచోట అందరి వివరాలు పోగుపడితే అధికారంలో ఉన్నవాడు వాటిని ఎలాగైనా వాడుకోవచ్చు, ఆ జాగ్రత్త ఉండాల్సిందే. కానీ ఈ రోజు పక్కింటి ముసలామె బియ్యం కోసం నోరెత్తని సంఘం, రేపు తన మీదకి వచ్చినప్పుడు ఎక్కడి నుంచి నోరు తెచ్చుకుంటుంది?

2017 సెప్టెంబర్‌లో జార్ఖండ్‌లోని సిమ్డేగా జిల్లాలో పదకొండేళ్ల పాప చనిపోయింది. అన్నం అడుగుతూ పోయిందని తల్లి చెప్పింది, మలేరియా అని అధికారులు చెప్పారు. ఆధార్‌తో కలపలేదని ఆ ఇంటి కార్డు కొట్టేసిన మాట మాత్రం నిజం. ఆ తర్వాత నెల, అక్టోబర్ 24న, ఆధార్ లేదనో మిషన్ వేలు పట్టలేదనో ఎవరికీ రేషన్ ఆపొద్దని కేంద్ర ఆహార శాఖ అన్ని రాష్ట్రాలకు రాసింది. వేలిముద్ర కలవనంత మాత్రాన పథకం ఆపకూడదని, ఇతర గుర్తింపు చూసి ఇవ్వాలని 2018 సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు ఆధార్ తీర్పులో కూడా ఉంది. ఇవి మీ ఫోన్‌లో ఉండాల్సిన ఫార్వర్డులు.

కాబట్టి ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఫోన్ చక్కగా వాడటం వచ్చిన యవ్వనస్తులు పది నిమిషాలు ఆగండి. వేలు పడనివాళ్ల, కార్డులో పేరు పోయినవాళ్ల, ఈ-కేవైసీ కానివాళ్ల జాబితా అమ్మగారు రాసి పెట్టారు. రేషన్ ఇచ్చే రోజుల్లో ఒక్కొక్కరు ఇద్దరు పెద్దవాళ్లతో దుకాణం దాకా పోవాలి. వేలు పడకపోతే కనుపాపతో గానీ, ఓటీపీతో గానీ చూడమని డీలర్‌ను మర్యాదగా అడగాలి. అప్పటికీ కాదంటే అక్కడే నిలబడి 1967కు ఫోన్ చేయాలి. దానికీ పలకకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి నేనే వస్తాను. కార్డు జిరాక్సు, ఆధార్ జిరాక్సు రెండేసి తెచ్చుకోండి. జిరాక్సు ఖర్చు సంఘం కానుకల్లోంచి ఇస్తాం.